మాంచాల గెలిచిందా, శ్యామాంగి ఓడిందా?

మా మనవరాలు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న సంక్రాంతి సెలవలకి వచ్చినప్పుడు ఓ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సినిమా చూస్తోంది. బొమ్మలు కదులుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వినపడదు. "సౌండు పాడైందా ఏమే?" అన్నాను. "పాడవలేదు అమ్మమ్మా, ఇది మూకీ. 1927 నాటిది. పేరు 'వింగ్స్'. ఆస్కార్ బహుమతులు మొదలుపెట్టినప్పుడు తొలి ఉత్తమ చిత్రం ఇదే. రా, కూర్చో" అంది. చేతిలో చాట ఉంది, కందిపప్పులో రాళ్ళేరుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి చాట పక్కన పెట్టేశాను.

కథ మనకి కొత్తదేం కాదు. అమెరికాలో ఓ చిన్న ఊరు. జాక్, డేవిడ్ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఇద్దరి మనసూ సిల్వియా అనే అమ్మాయి మీదే. సిల్వియాకి ఇష్టం డేవిడ్ అంటే. జాక్ ఇంటి పక్కనే ఉండే మేరీకి జాక్ అంటే ప్రాణం, అతగాడికేమో ఆ పిల్ల కంటికి ఆనదు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. ఇద్దరు కుర్రాళ్ళూ విమానాల దళంలో చేరతారు. శిక్షణలో ఒకరినొకరు చితక్కొట్టుకుని, ఆ దెబ్బలతోనే ప్రాణస్నేహితులైపోతారు. చివరికి డేవిడ్ శత్రువుల విమానం ఒకటి దొంగిలించి తప్పించుకొస్తుంటే, అందులో ఉన్నది స్నేహితుడని తెలియక జాకే కూల్చేస్తాడు.

దర్శకుడు విలియం వెల్‌మన్ తాను స్వయంగా ఆ యుద్ధంలో విమానం నడిపినవాడట. ఆకాశంలో పోరాటాలు చూస్తుంటే ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. కానీ నన్ను పట్టి కూర్చోబెట్టింది విమానాలు కాదు, మేరీ.

మేరీ కూడా యుద్ధానికి వెళ్తుంది. ఫ్రాన్సులో బండి నడుపుతుంది. జాక్‌కి సెలవిచ్చి పారిస్ పంపితే అక్కడ ఒళ్ళు తెలియకుండా తాగి, ఎవరో అమ్మాయితో కూర్చుని ఉంటాడు. సెలవలు రద్దయ్యాయి, ఇతను వెనక్కి పోకపోతే శిక్ష తప్పదు. మేరీ వెతుక్కుంటూ వస్తుంది. మిలిటరీ దుస్తుల్లో ఉన్న మేరీని జాక్ గుర్తు కూడా పట్టడు. అప్పుడా పిల్ల ఎవరిదో తళుకుల గౌను అరువు తెచ్చుకుని, ఆ రెండో అమ్మాయితో పోటీపడి, ఇతన్ని అక్కణ్ణించి లాక్కొచ్చి గదిలో పడుకోబెడుతుంది. తన దుస్తులు తిరిగి మార్చుకుంటుండగా మిలిటరీ పోలీసులు తలుపు తోసుకుని వస్తారు. ఇంకేముంది! తాగి పడున్నవాడు జాక్. ఉద్యోగం పోయి, చెడ్డపేరుతో ఇంటికి తిరిగొచ్చింది మేరీ.

యుద్ధం అయిపోయాక జాక్ వీరుడై ఊరికొస్తాడు. ఊరంతా ఊరేగింపు. డేవిడ్ తల్లి దగ్గర మోకరిల్లితే, తప్పు నీది కాదు, యుద్ధానిదని ఆ తల్లి క్షమించేస్తుంది. తర్వాత మేరీ దగ్గర కూర్చుని, పారిస్‌లో ఓ రాత్రి ఒళ్ళు మరిచానని, ఆ అమ్మాయి ఎవరో కూడా గుర్తులేదని ఒప్పుకుంటాడు. మేరీ ఓదారుస్తుంది. "ఆ పిల్లని నేనే" అని మాత్రం చెప్పదు.

"చెప్పొచ్చుగా!" అని మా మనవరాలు ల్యాప్‌టాప్ మీద చెయ్యేసి కొట్టినంత పని చేసింది. నేనేం మాట్లాడలేదు. నాకు కారెంపూడి గుర్తొచ్చింది. దాని వెనకే మా పిన్ని గుర్తొచ్చింది.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి పల్నాటి వీరుల కథ ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, గాలిలోనే ఉంటుంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల తిరునాళ్ళు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలు, కొణతాలంటారు, మోసుకొస్తారు. మందపోరు రోజున చాపకూడు పెడతారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం తినిపించాడని దానికి గుర్తు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళానో.

ఆ కథలో మాకు, అంటే ఆడపిల్లలకి, చూపించే మనిషి మాంచాల. బాలచంద్రుడి భార్య. పెళ్ళయిందన్న మాటేగానీ అతను ఏనాడూ ఆమె గడప తొక్కలేదు. కాలమంతా శ్యామాంగి అనే వేశ్య ఇంట్లోనే. యుద్ధానికి బయల్దేరేముందు తల్లి ఐతాంబ, వెళ్ళి నీ భార్యకి చెప్పిరా అని పంపుతుంది. పడుచుపిల్ల, ముఖం చూస్తే ఆగిపోతాడేమోనని తల్లి ఆశ. మాంచాల ఆపలేదు. కన్నీళ్ళు దిగమింగి పౌరుషం చెప్పి యుద్ధానికి సాగనంపింది. అందుకే ఆమె వీరపత్ని. పల్నాడులో ఆడపిల్లకి మాంచాల అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. శ్యామాంగి అని పెట్టుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

మా ఊరి టూరింగు టాకీసులో 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' చూశాను. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాయకురాలు నాగమ్మ. అంతకుముందు 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ, నాగేశ్వర్రావు బాలచంద్రుడు, ఎస్. వరలక్ష్మి మాంచాల అని మా అమ్మ చెప్పేది. గూడవల్లి రామబ్రహ్మం గారు మొదలుపెట్టి మధ్యలోనే పోతే ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేసిన సినిమా అది. టాకీసులో నేల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా మాంచాల కోసం కొంగులు తడుపుకున్నారు. శ్యామాంగి పేరెత్తితే చాలు, "దీని మొహం మండ" అన్నవాళ్ళే అందరూ. నేనూ అన్నాను. చిన్నపిల్లని, పక్కవాళ్ళంటే అన్నాను.

ఇప్పుడు అరవై దాటాక కూర్చుని ఆలోచిస్తే ఒకటి తడుతోంది. బాలచంద్రుణ్ణి ఎవరూ ఒక్క మాటన్నా అనలేదేం? పెళ్ళి చేసుకుని పెళ్ళాం గడప తొక్కనివాడు ఆయన. శ్యామాంగి వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కురాలేదు. వేశ్యావృత్తి ఆమె కోరి తెచ్చుకుందా? ఆమె పుట్టిన ఇల్లు అలాంటిది. ఆయన కారెంపూడిలో చచ్చిపోయి వీరుడయ్యాడు, కొణతమై మొక్కులందుకుంటున్నాడు. మాంచాల వీరపత్ని అయింది. మరి శ్యామాంగి ఏమైంది? మా ఊరికి కథ చెప్పడానికి వచ్చిన పిచ్చికుంట్లవాళ్ళని ఓసారి మా నాయనమ్మే అడిగింది, "ఆ తర్వాత ఆమె ఏమైందయ్యా?" అని. "ఆమె సంగతెందుకమ్మా" అని వాళ్ళు యుద్ధంలోకి వెళ్ళిపోయారు.

అంతటితో అయిందా? ఇంట్లో గొడవకి శ్యామాంగి కారణమైతే, రాజ్యంలో గొడవకి నాగమ్మ కారణం! కోడిపందెంలో మోసం చేసిందని, పచ్చని పల్నాడుని తగలబెట్టిందని మనం పాడుకుంటాం. ఒక ఆడది మంత్రి అయి, తన రాజు పక్షాన ఎత్తులు వేస్తే కుట్ర. అదే పని మగమంత్రి చేస్తే రాజనీతి.

అసలు మొదటి ముడి ఎక్కడ పడిందో చూడండి. పల్నాటిని ఏలిన అనుగురాజుకి ముగ్గురు భార్యలు. పెద్ద భార్య మైలమదేవి కొడుకు నలగామరాజు. ఇంకో భార్య కొడుకు మలిదేవరాజు. సవతి తల్లుల బిడ్డలకి వాటాలు తెగలేదు. ఒకరు గురజాలలో, ఒకరు మాచర్లలో వేరుకాపురాలు. ఆ వాటా గొడవే ముదిరి రాయబారం వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపేదాకా వచ్చింది, అతని భార్య పేరిందేవి చితిలోకి నడిచేదాకా వచ్చింది. ఆ పేరిందేవి ఎవరో కాదు, నలగామరాజు కన్నకూతురే. ఇంత జరిగితే అనుగురాజు పేరు ఎవరన్నా ఎత్తారా? ముగ్గుర్ని ఎందుకు కట్టుకున్నావయ్యా, కట్టుకున్నవాడివి బతికుండగానే వాటాలెందుకు తేల్చలేదయ్యా అని అడిగినవాళ్ళున్నారా? అన్ని కులాలనీ ఒక చాప మీద కూర్చోబెట్టిన కథ, ఇద్దరాడవాళ్ళని మాత్రం కలిపి కూర్చోబెట్టలేకపోయింది.

ఇంకో విచిత్రం. మన తెలుగువాళ్ళ మొదటి మూకీ సినిమా 1921లో వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ'. రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ తీశాడు. అప్పట్లో మన ఆడవాళ్ళు సినిమాల్లో వేషం వేయడమంటే తప్పు, అందుకని గంగ వేషానికి పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయిని తెచ్చుకున్నారు. ఆ కథ మాత్రం ఏమిటి? తండ్రి రెండో పెళ్ళి. రెండో ఆమె బిడ్డలకి రాజ్యం కావాలి, మొదటి ఆమె బిడ్డ వదులుకోవాలి. శంతనుడు కోరుకుంటాడు, కొడుకు ప్రతిజ్ఞ చేస్తాడు, ఊరంతా సత్యవతి పేరు చెప్పుకుంటారు. మాట రాని సినిమా దగ్గర్నించీ మన కథ ఇదే మరి.

సరే, పిన్ని సంగతికొస్తాను. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా బాబాయి మిలిటరీలో పనిచేశాడు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు సరిహద్దులో ఉన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పిన్నికి చదువు రాదు. ఇన్‌లాండ్ కవరు తెచ్చి నా ముందు పెట్టి "రాయవే" అనేది. నేను అరుగు మీద బోర్లా పడుకుని రాసేదాన్ని. క్షేమం అని రాయమనేది. మిరప చేను బాగుందని రాయమనేది. అది అబద్ధం. కోతలకి కూలీలు దొరక్క ఆమే ఒక్కతీ సాలు వెంట సాలు కోసేది. మిరపకాయలు కోసిన చేతులు ఎట్టా మండుతయ్యో మా వైపు ఆడవాళ్ళకి చెప్పాలా? రాత్రుళ్ళు చేతులకి ఆముదం రాసుకుని గాల్లో పెట్టుకుని పడుకునేది. పిల్లాడు ఏడిస్తే మోచేత్తో జోకొట్టేది, వేళ్ళు తగిలితే వాడికి మంట. "ఇది కూడా రాయనా పిన్నీ?" అంటే "వద్దులే, అక్కడ తుపాకుల కింద ఉండే మనిషికి ఇయ్యెందుకు" అనేది.

బాబాయి క్షేమంగానే తిరిగొచ్చాడు. 1976లో పదవీ విరమణ చేసి, వచ్చిన డబ్బుతో నాలుగెకరాలు కొన్నాడు. మిరపా, పత్తీ వేశాడు. సరుకు అమ్మడానికని గుంటూరు వెళ్ళేవాడు. మొదట ఒక రోజు, తర్వాత మూడు రోజులు, తర్వాత వారం. ఒక కొట్టులో మిరపకాయలకి ముచ్చికలు తీసే పని చేసే ఆమెకి గుళ్ళో తాళి కట్టి ఇల్లు పెట్టాడని ఊరంతా తెలిశాక మా ఇంట్లో తెలిసింది. మావాళ్ళెవరూ ఆమె పేరు పలకలేదు. "గుంటూరావిడ" అనేవాళ్ళు. ఓ కొడుకు పుట్టాడన్నారు. పిన్ని బాబాయికి అన్నం పెట్టడం మానలేదు, మాట్లాడ్డం మానేసింది. పెద్దమనుషులు చాలాసార్లు కూర్చున్నారు. కూర్చున్న ప్రతిసారీ తిట్లన్నీ గుంటూరావిడకి. బాబాయి గోడకి ఆనుకుని బీడీ కాల్చుకుంటూ వినేవాడు, ఆ గొడవ ఎవరిదో పరాయివాళ్ళదన్నట్టు.

1986 ఎండాకాలంలో బాబాయి గుంటూరులో ఆమె ఇంట్లోనే గుండె పట్టుకుని పడిపోయాడు. ఆస్పత్రికి చేర్చింది ఆమే. అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నదీ ఆమే. ప్రాణం పోయాక మావాళ్ళు వ్యాను కట్టించుకుని వెళ్ళి శవాన్ని తెచ్చుకున్నారు, ఆమెని అక్కడే వదిలేసి. మర్నాడు పొద్దున ఆమె బస్సులో వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లాడి చెయ్యి పట్టుకుని మా వీధి మలుపు తిరిగింది.

నాకు అప్పటికి పెళ్ళయి, కూతురు పుట్టి, టీచరుద్యోగం వచ్చి ఏడాది. చదువుకున్నదాన్ని, పేపర్లలో స్త్రీల సమస్యల గురించి వచ్చేవన్నీ చదివేదాన్ని. "గేటు వెయ్యవే" అని లోపల్నించి మా పెద్దత్త కేక వేసింది. నేనే వెళ్ళి ఇనప గేటు మూసి గడియ పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. ఎదురింటివాళ్ళ వేపచెట్టు కింద నిలబడింది. పాడె లేచేదాకా, దాదాపు నాలుగు గంటలు, ఆ ఎండలో అట్టాగే నిలబడింది. పాడె వెళ్ళిపోయాక మళ్ళీ బస్సు ఎక్కింది. పిల్లాడు మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళాడు.

పిన్ని కోసమే చేశాననుకున్నాను చాలాకాలం. ఆమె పరువు కాపాడాననుకున్నాను.

మన చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. భార్య బతికుండగా చేసుకున్న రెండో పెళ్ళి పెళ్ళే కాదు. గుళ్ళో చేసుకున్నా, పదిమంది ఎదుట చేసుకున్నా చెల్లదు. శిక్ష మొదటి పెళ్ళి ఉండగా రెండోది చేసుకున్న మనిషికి, ఏడేళ్ళ దాకా. ఇదివరకు శిక్షాస్మృతిలో 494 సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 82. అంటే చట్టం నిలదీసేది మగవాణ్ణి. నిలదీయాల్సిన చోట మనం కళ్ళు దించుకుని, రెండో ఆడమనిషి జుట్టు పట్టుకుంటాం. ఇక పిల్లల సంగతి. ఆ పెళ్ళి చెల్లకపోయినా ఆ పిల్లలు అక్రమ సంతానం కాదని అదే చట్టం 16వ సెక్షను చెబుతుంది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో మిగతా పిల్లలతో పాటు వాళ్ళకీ సమానంగా వాటా. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే భాగంలో కూడా వాళ్ళకి హక్కుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తండ్రి వాటా దాటి మిగతా బంధువుల ఆస్తి మీద మాత్రం వాళ్ళకి హక్కు లేదు. ఇక ఆ రెండో ఆవిడకి? ఆస్తిలో ఆమెకి చోటే లేదు. మాంచాలలకి హక్కుంది, బిడ్డలకి హక్కుంది. శ్యామాంగి మళ్ళీ వేపచెట్టు కిందే.

శ్యామాంగిని వెనకేసుకొస్తున్నానని చదివేవాళ్ళలో కొందరికి కోపం రావచ్చు. "నీ సంసారంలో నిప్పులు పోస్తే తెలిసేది" అంటారు. అనండి. పిన్ని ముప్పై ఏళ్ళలో సగం రాత్రులు నిద్రపోలేదని నాకు తెలుసు. గుంటూరావిడకి బాబాయికి భార్య ఉందని తెలిసే ఒప్పుకుందని కూడా తెలుసు. ఆమె చేసింది ఒప్పని నేననను. నేననేది ఇంతే. పంచాయితీలో కూర్చోబెట్టాల్సిన మూడో మనిషిని గోడకి ఆనుకుని బీడీ కాల్చుకోనిచ్చాం. అతను పోయాక ఆ మనిషికి మిలిటరీ దుస్తుల ఫోటో పెట్టి దండ వేశాం. మిగిలిన ఇద్దర్నీ కోడిపుంజుల్లా బరిలో నిలబెట్టి, చుట్టూ చేరి చూశాం. చూసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళమే. 'వింగ్స్'లో మగవాళ్ళిద్దరికీ కొట్టుకుని కలిసిపోయే వీలుంది, ఒకడి చేతుల్లో ఒకడు చనిపోతూ క్షమించుకునే వీలుంది. మేరీకీ సిల్వియాకీ అట్టాంటి సీను రాయాలని ఎవరికీ తోచలేదు.

రాజధాని మాట వచ్చాక, 2014 తర్వాత, మా వైపు భూముల ధరలు ఎట్టా లేచినయ్యో తెలిసిందే. బాబాయి కొన్న నాలుగెకరాలు ఇప్పుడు అమ్మకానికి వచ్చాయి. గుంటూరావిడ కొడుకు, ఇప్పుడతనికి నలభై ఏడు, ఆటో నడుపుకుంటున్నాడు, లాయరు చేత నోటీసు పంపాడు. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, నా దగ్గరకొచ్చాడు. "అక్కా, ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళలో నువ్వే మిగిలావ్. ఎవరన్నా అడిగితే వాడెవడో మాకు తెలియదని చెప్పు, చాలు" అన్నాడు. వాడిని మోచేత్తో జోకొట్టిన పిన్ని కొడుకే వాడు. నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడు. "నేను గేటు వేసింది ఎవరి మొహం మీదరా మరి? తెలియనివాళ్ళకి గేటెందుకు వేస్తాం?" అన్నాను. కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి నాకు పిలుపు రాలేదు.

పిన్నికి ఎనభై మూడు. చెవులు మందం, తెలివి మాత్రం కత్తి. ఆమె దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "ముక్కు మీ బాబాయిదేనే వాడికి. ఆ రోజు కిటికీలోంచి చూశా." నాకు నోట మాట రాలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుంది. "మరప్పుడే చెప్పొచ్చుగా పిన్నీ?" అన్నాను. మా మనవరాలు మేరీని అడిగినట్టే అడిగాను. "ఎవరికి చెప్పను? అందరూ నా తరఫున పోట్లాడుతుండిరి. ఆపేదెట్టా?" అంది. మళ్ళీ ఆమే, "ఆమె సంగతి నాకొద్దు. పిల్లాడికి వచ్చేది పిల్లాడికిచ్చెయ్యండి. ఆ పాపం నా నెత్తిన పెట్టుకుని పోను" అంది.

లాయరు లెక్క ప్రకారం పిన్నికి ఒక ఎకరం, తమ్ముడికి ఒకటి, చెల్లెలికి ఒకటి, అతనికి ఒకటి. తమ్ముడు రెండు నెలలు అలిగి, తల్లి సంతకం లేకుండా ఏదీ అమ్ముడుపోదని అర్థమయ్యాక దిగొచ్చాడు. పోయిన నెల భాగపంపకాల దస్తావేజు రాయించారు.

రిజిస్ట్రారాఫీసు వరండాలో బల్ల మీద పిన్నిని కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. అతను వచ్చాడు. నలభై ఏడేళ్ళ మనిషి, స్తంభం చాటున చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. పిన్ని చేత్తో పిలిచింది. దగ్గరకొస్తే మొహంలోకి తేరిపార చూసింది.

"మీ అమ్మ ఉందా?"

"ఉందండీ. చూపు సరిగా ఆనదు."

"రాలేదేం?"

అతను నావైపు ఓసారి చూసి, తల దించుకుని, "మీకిష్టముండదని తీసుకురాలేదండీ. అప్పుడు కూడా రానివ్వలేదుగా" అన్నాడు.

"నేనెప్పుడు రానివ్వనన్నా?" అంది పిన్ని, వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు. "గేటేసింది ఇది" అని నా భుజం మీద చెయ్యేసి చూపించింది.